ఇరవై ఇద్దరికి నలభై బృందాలు

మా గంగన్నపేటలో సింఫనీ ఆర్కెస్ట్రా ఉందంటే పొరుగూళ్లవాళ్లు నమ్మరు. ఉంది. వాయించేవాళ్లు ఇరవై ఇద్దరు. వాళ్లకు సాయం చేసే స్వచ్ఛంద సేవకులం నాలుగు వందల పన్నెండు మందిమి. నమ్మనివాళ్లు వచ్చి చూసుకోవచ్చు. సేవకుల జాబితా మూడు ప్రతుల్లో భద్రంగా ఉంది. వాయించేవాళ్ల జాబితా ఎక్కడ పెట్టామో ప్రస్తుతం గుర్తులేదు.

నా పేరు చింతలపాటి మార్కండేయులు. ఇరిగేషన్ శాఖలో హెడ్ క్లర్కుగా రిటైరయ్యాను. ఇప్పుడు కుర్చీల సహాయక బృందానికి కన్వీనర్ని. సమావేశాల మినిట్సు కూడా నేనే రాస్తాను. నాకు సంగీతం రాదు. ఆ సంగతి ఎవరి దగ్గరా దాచలేదు. దాచక్కర్లేదని, ఈ పదవికి అదే అర్హత అని మా చైర్మన్ కామేశం గారు మొదటిరోజే చెప్పారు. సంగీతం వచ్చినవాళ్లయితే వింటూ కూర్చుండిపోతారట, పని ముట్టుకోరట.

ఈ ఆర్కెస్ట్రా పెట్టినాయన ఫిలిప్ మాస్టారు. మిషన్ స్కూల్లో పాటలు నేర్పి రిటైరైన మనిషి. చర్చిలో వయొలిన్ వాయించేవాళ్లను నలుగురిని, పోలీసు బ్యాండులో పెన్షను పుచ్చుకున్నవాళ్లను ఆరుగురిని, పెళ్లి బ్యాండుల్లో పని తగ్గినవాళ్లను మిగతావాళ్లను పోగేసి, పాత బెల్లం గోడౌన్లో మూడేళ్లు సాధన చేయించాడు. అప్పట్లో సహాయకులు ఇద్దరే. ఒకడు లైటు వేసేవాడు, ఇంకొకడు టీ తెచ్చేవాడు. ఆ రోజుల్లో వీళ్లు ఎన్ని కచేరీలు చేశారంటే లెక్క చెప్పేవాడు కూడా లేడు. అంత అస్తవ్యస్తంగా ఉండేది వ్యవహారం.

తరవాత మున్సిపాలిటీవారు టౌన్ హాలు ఉచితంగా ఇస్తామన్నారు. ఒకటే నిబంధన పెట్టారు. "వాద్యకారులొక్కొక్కరికి కనీసము నలుగురు చొప్పున స్వచ్ఛంద సేవకులు ఉన్నచో పౌర భాగస్వామ్యము సిద్ధించినట్లు భావింపబడును" అని ఉత్తరువు వచ్చింది. కనీసం ఎంతో రాసి, గరిష్ఠం ఎంతో రాయని ఉత్తరువు ఎక్కడిదాకా పోతుందో ముప్పై నాలుగేళ్లు సర్వీసు చేసినవాణ్ణి, నాకు తెలియాలి. తెలియలేదు.

మా ఊళ్లో రిటైరైనవాళ్లు ఎక్కువ, కమిటీలు తక్కువ. ఎనభై ఎనిమిది మంది చాలు అనుకుంటే మొదటి వారంలోనే రెండు వందల మంది పేర్లిచ్చారు. వచ్చినవాళ్లను కాదనకూడదు కదా. మున్సిపల్ కమిషనరుగా చేసిన కామేశం గారు చైర్మన్ అయ్యాక బృందాలు వేశారు. చెప్పుల బృందం, మంచినీళ్ల బృందం, పన్నీరు బృందం, బ్యానరు బృందం. నోట్సు పేజీలు తిప్పే బృందం ఒకటి ఉంది. దాంట్లో ఒకో వాద్యకారుడికి నలుగురు. తిప్పమని చెప్పేవాడొకడు, తిప్పేవాడొకడు, తిప్పినట్టు రాసుకునేవాడొకడు, వేలు తడుపుకోవడానికి నీళ్ల గిన్నె పట్టుకునేవాడొకడు. వయొలిన్ల వెనక ఇంతమంది నిలబడేసరికి కమాను వెనక్కి లాగడానికి చోటు లేక, మా వయొలిన్లవాళ్లు సగం కమానుతోనే వాయించడం నేర్చుకున్నారు. పిండి కొద్దీ రొట్టె.

నిశ్శబ్ద బృందానికీ చప్పట్ల బృందానికీ వచ్చిన తగాదా మాత్రం పెద్దదే. సింఫనీ అనేది మధ్యమధ్యలో ఆగి మళ్లీ మొదలవుతుందట. ఆ ఆగిన చోటు ఎవరిది? అది నిశ్శబ్దం కాబట్టి తమదని నిశ్శబ్ద బృందం "సైలెన్స్" అని అరిచేది. వాయింపు ఆగింది కాబట్టి తమదని చప్పట్ల బృందం చప్పట్లు మొదలుపెట్టేది. ఆ గోలలో ఫిలిప్ మాస్టారు చేతులు పైకెత్తి అలాగే నిలబడిపోయేవాడు. కామేశం గారు రెండు వర్గాలనూ కూర్చోబెట్టి రాజీ కుదిర్చారు. సదరు విరామములందు చప్పట్ల బృందము చేతులు దగ్గరకు తెచ్చి, ఒకదానికొకటి తాకించకుండా నిలిపి ఉంచవలెను. మినిట్సులో నేనే రాశాను. ఆ పేరాకి అందరూ నన్ను మెచ్చుకున్నారు.

ఇక సన్మానాలు. మన దగ్గర సాయం చేసినవాడికి వేదిక మీద శాలువా కప్పకపోతే ఆ సాయం చెల్లదు. కాబట్టి ప్రతి కచేరీలోనూ ప్రతి బృందం అధ్యక్షుణ్ణి పిలిచి, పరిచయం చేసి, శాలువా కప్పి, ఆయన చేత ఒక మాట చెప్పించి పంపాలి. మనిషికి నాలుగు నిమిషాలు. మొదట్లో కామేశం గారికి దీంట్లో ఒక లోటు కనిపించింది. శాలువా కప్పేటప్పుడు హాలంతా చడీచప్పుడు లేకుండా ఉంటే ఆస్పత్రిలో రోగికి దుప్పటి కప్పినట్టుందన్నారు. పెళ్లిలో తాళి కట్టేటప్పుడు గట్టిమేళం మోగినట్టు, శాలువా భుజం మీద పడగానే ఆర్కెస్ట్రా కూడా గట్టిమేళం వాయించాలన్నారు. సింఫనీలో గట్టిమేళం ఉండదని ఫిలిప్ మాస్టారు చెప్పాడు. ఉండదన్న విషయాన్ని రాతపూర్వకంగా ఇమ్మని కామేశం గారు అడిగారు. మాస్టారు రెండు రోజులు ఆలోచించి, ఇరవై రెండు వాద్యాలకూ సరిపడా గట్టిమేళం రాసుకొచ్చి ఇచ్చాడు. మా ఆర్కెస్ట్రా ఈనాటివరకూ ఎక్కువసార్లు వాయించింది అదే.

ఇంతవరకూ అంతా సజావుగానే నడిచింది. తేడా వచ్చింది ఎల్లాజీతో.

ఎల్లాజీ మా వెనక వీధిలో ఉంటాడు. ఆర్కెస్ట్రాలో క్లారినెట్ అతనిదే. అరవై రెండేళ్లు. అంతకుముందు పెళ్లి బ్యాండు నడిపేవాడు. శనివారం కచేరీ అనగా పది రోజుల ముందు మా ఇంటికొచ్చి, మెట్టు మీద కూర్చుని, సంగతి చెప్పాడు. అతను సొంతంగా ఒక బాణీ కట్టాడు. ఫిలిప్ మాస్టారు దాన్ని కాగితం మీద పెట్టి మిగతా వాద్యాలకు కూడా రాశాడు. పద్నాలుగు నిమిషాలు పడుతుంది. ఈ కచేరీలోనే వాయించాలి. ఎందుకంటే అతని పై ముందుపళ్లు రెండూ ఊగుతున్నాయి. కచేరీ తరవాతి సోమవారం పీకేస్తానని డాక్టరు చెప్పేశాడు. క్లారినెట్ పట్టాలంటే ఆ రెండు పళ్లూ ఆనాలట.

కట్టుడు పళ్లు పెట్టించుకుని ఊదవచ్చు కదా అన్నాను.

"కట్టుడు పళ్లు నమిలీడానికి బాబూ," అన్నాడు ఎల్లాజీ. "నాను ముప్పై ఏళ్లు పెళ్లికొడుకు ముందర నడుస్తా ఊదినోడిని. ఎండలో ఊదేను, వోనలో ఊదేను. కూకోని ఊదినది నేదు. కూకోని ఇన్నోడూ నేడు. బ్యాండోడి పెళ్లాం పెళ్లిళ్లకి రాదు కదా. మా ఆదెమ్మ నా పాట ముక్కలు ముక్కలుగా ఇన్నాది, పొయ్యి కాడ. మొదట్నుంచి సివరాకరికంటా ఇన్నేదు. హాల్లో కుర్సీలో కూకోబెట్టి ఇనిపిస్తానని మాటిచ్చేసేను."

నాకు జాలేసింది. జాలేసినప్పుడు హెడ్ క్లర్కు చేయగలిగింది ఒకటే. అర్జీ రాసిచ్చాను.

సమావేశంలో అర్జీ చదివాను. హాలు ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా మనది. మొత్తం నూట ఎనభై నిమిషాలు. జ్యోతి ప్రజ్వలనకు ఆరు. ముప్పై తొమ్మిది బృందాల సన్మానాలకు నూట యాభై ఆరు. ఫిలిప్ మాస్టారు ఏడాదిగా నేర్పుతున్న సింఫనీని సమయాభావం వల్ల అదివరకే రెండుసార్లు వాయిదా వేశాం. మిగిలింది పద్దెనిమిది నిమిషాలు. ఎల్లాజీకి కావలసింది పద్నాలుగు. సరిపోతుంది, పైగా నాలుగు మిగులుతుంది. నేను ధైర్యంగా కూర్చున్నాను.

కామేశం గారు కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకున్నారు. "క్లారినెట్ వాద్యకారుని దంతముల పరిస్థితిని కమిటీ సానుభూతితో పరిశీలించింది. అయితే దంతములు వ్యక్తిగతమైనవి, కచేరీ సంస్థాగతమైనది. ఒకరి దంతములకు మినహాయింపు ఇస్తే రేపు ఇంకొకరి మోకాళ్లు వస్తాయి. కనుక దీనిని సంస్థాగతం చేయవలసి ఉన్నది," అన్నారు.

అక్కడికక్కడే దంత సహాయక బృందం ఏర్పడింది. ఆరుగురు సభ్యులు. వాళ్లలో పళ్ల సంగతి తెలిసినవాళ్లెవరూ లేరు, పళ్లున్నవాళ్లు నలుగురున్నారు. అది నలభయ్యో బృందం. దాని అధ్యక్షుడికీ సన్మానం చెయ్యాలి కాబట్టి ఆ మిగిలిన నాలుగు నిమిషాలూ అక్కడికి పోయాయి. ఎల్లాజీకి సరిగ్గా పద్నాలుగు నిమిషాలు, ఎనిమిదీ నలభై ఆరు నుంచి తొమ్మిది వరకూ, సూత్రప్రాయంగా మంజూరయ్యాయి.

ఈ మాట చెప్పడానికి వెళ్తే ఎల్లాజీ సంతోషించాడు. తొమ్మిదికి ఎందుకాపేస్తారని అడగలేదు. ఊరేగింపులో ఎవరాపమంటే అక్కడ ఆపేసిన మనిషి. కానీ అతనికి ఇంకొక భయం ఉంది. నలభై శాలువాలకు నలభై గట్టిమేళాలు ఊదితే ఆ పళ్లు ఎనిమిదీ నలభై ఆరు దాకా ఆగుతాయా? దంత సహాయక బృందాన్ని అడిగాను. తమ పరిధి సన్మానం స్వీకరించడం వరకేనని చెప్పారు. చివరికి ఫిలిప్ మాస్టారే దారి చెప్పాడట. గట్టిమేళానికి వేళ్లు ఆడించు, ఊదకు అని. ఇది మినిట్సులో రాయలేదు.

ఇక ఆదెమ్మకు కుర్చీ. కుర్చీలు నా శాఖే గనక అదొక సమస్య అవుతుందని నేననుకోలేదు. కానీ హాల్లోకి రావాలంటే బ్యాడ్జి ఉండాలి. బ్యాడ్జి మీద బృందం పేరుండాలి. నాలుగు వందల పన్నెండు కుర్చీలు, నాలుగు వందల పన్నెండు మంది సేవకులు. జాబితా రెండుసార్లు చూశాను. ఏ బృందంలోనూ లేని మనిషి కచేరీకి వచ్చే ఏర్పాటు మా నిబంధనల్లో ఎక్కడా కనపడలేదు. కామేశం గారింటికి వెళ్లాను.

"శ్రోత అంటున్నారు. ఆవిడ హాల్లో ఏం చేస్తారు?" అన్నారు ఆయన.

"వింటారండి."

"విని?"

"అంతేనండి."

ఏ పనీ చెయ్యకుండా ఊరికే కూర్చుని వినేవాళ్లకు కుర్చీ ఇస్తే, నిలబడి సేవ చేసే వందల మంది మనోభావాలు ఏం కావాలని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే నేనే ఒక ఉపాయం పట్టుకెళ్లాను. శ్రోతల బృందం అని ఒకటి పెడదాం, సభ్యురాలు ఒక్కరే, అధ్యక్షురాలు కూడా ఆవిడే అన్నాను. కామేశం గారి ముఖం వికసించింది. మహిళా అధ్యక్షత లేదన్న లోటు కూడా తీరుతుందన్నారు. అయితే అధ్యక్షురాలు అన్నాక సన్మానం చెయ్యాలి కదా, నలభై ఒకటో సన్మానానికి నాలుగు నిమిషాలెక్కడివి అని అడిగాను. ఆయనే సర్దారు. జ్యోతిని ముందుగానే వెలిగించి పెట్టి, అతిథులు వచ్చి వెలిగించినట్టు చెయ్యి చాపితే ఆరు నిమిషాల పని రెండు నిమిషాల్లో అయిపోతుందన్నారు. ఎల్లాజీ పద్నాలుగు నిమిషాలూ పదిలంగా ఉన్నాయి. ఆ రోజు కామేశం గారంటే నాకు ఎంతో గౌరవం కలిగింది.

శనివారం వచ్చింది. ఆదెమ్మ జరీ అంచు నీలం చీర కట్టుకుని, శ్రోతల బృందం బ్యాడ్జి పిన్నుతో గుచ్చుకుని, మూడో వరుసలో నేను వేసిన కుర్చీలో ఒద్దికగా కూర్చుంది. హాల్లో నిజంగా కుర్చీలో కూర్చున్నది ఆమె ఒక్కతే. మిగతావాళ్లంతా సేవలో ఉన్నారు.

ఆ సాయంత్రం నేను చేతి గడియారం చూసినట్టు జన్మలో ఎప్పుడూ చూడలేదు. జ్యోతి రెండు నిమిషాల్లో అయిపోయింది. తరవాత వరసగా శాలువాలు. శాలువా, గట్టిమేళం, ఒక మాట, చప్పట్లు. శాలువా, గట్టిమేళం, ఒక మాట, చప్పట్లు. పన్నీరు బృందం అధ్యక్షుడు ఒక మాటకు బదులు పద్యం ఎత్తుకుంటే మైకు లాగేశాను. దంత సహాయక బృందం అధ్యక్షుడు ఈ సన్మానం తన పళ్లకు జరిగినట్టుగా భావిస్తున్నానన్నాడు. ఎల్లాజీ వేదిక మీద రెండో వరుసలో ఇస్త్రీ చొక్కాలో కూర్చుని, ప్రతి గట్టిమేళానికీ వేళ్లు ఆడిస్తూ, గాలి దాచుకుంటున్నాడు. ఎనిమిదీ నలభై రెండు అయ్యేసరికి నలభై సన్మానాలూ పూర్తయ్యాయి. ఒక్క నిమిషం కూడా జారలేదు.

ఆదెమ్మను పిలిచారు. ఆమె బెరుగ్గా మెట్లెక్కింది. కామేశం గారు శాలువా కప్పారు. అప్పుడు గట్టిమేళం మోగింది చూడండి, ఆ మూడు గంటల్లో మోగినట్టు కాదు. ఎల్లాజీ నిజంగానే ఊదాడు. నలభై సార్లు దాచుకున్న గాలి పెళ్లాం భుజం మీద శాలువా పడేసరికి ఆగలేదు. వయొలిన్లవాళ్లు తలలు తిప్పి చూశారు. ఆదెమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు కళ్లు చెమర్చాయి. సంగీతం రాని నాకే అలా అయితే వచ్చినవాళ్లకు ఎలా ఉందో.

మైకు ఇచ్చి ఒక మాట చెప్పమన్నారు. ఆమె శాలువా తీసి, మడత పెట్టి, శాలువాల బృందం అధ్యక్షుడి చేతిలోనే పెట్టింది.

"నాకిది వొద్దు బాబూ. దీనికయ్యే టయిం కూడా ఆయినకే ఇచ్చీండి. నాను ఇని ఎలిపోతాను," అంది.

చెప్పి దిగి వచ్చి తన కుర్చీలో కూర్చుంది. గడియారం ఎనిమిదీ నలభై మూడు. మూడు నిమిషాలు ముందున్నాం. ఫిలిప్ మాస్టారు వాయింపు నడిపించే కర్ర ఎత్తాడు. ఎల్లాజీ క్లారినెట్ పెదవుల దగ్గరకు తెచ్చుకున్నాడు.

కామేశం గారు మైకు దగ్గరకు వచ్చారు.

"ఎంత గొప్ప మాట," అని మొదలుపెట్టారు. ఈ మహాసభలో వినడం గురించి మాట్లాడిన ఏకైక వ్యక్తి ఈ సోదరి అన్నారు. వినడం అనేది మన సమాజంలో నానాటికీ అంతరించిపోతున్నదన్నారు. తాను కమిషనరుగా ఉన్న రోజుల్లో ప్రజల మాటలు ఎంత ఓపికగా వినేవారో మూడు ఉదాహరణలు చెప్పారు. మొదటి ఉదాహరణ అయ్యేసరికి ఎనిమిదీ నలభై తొమ్మిది. నేను వేదిక పక్కకు వెళ్లి గడియారం చూపించాను. ఆయన నా గడియారాన్ని చూసి, సమయపాలనకు మారుపేరైన మార్కండేయులు గారిని కూడా ఈ సందర్భంగా అభినందించి, రెండో ఉదాహరణలోకి వెళ్లారు. ఎల్లాజీ క్లారినెట్ దించాడు, ఎత్తాడు, మళ్లీ దించాడు. చప్పట్ల బృందం ఆగిన చోటల్లా చప్పట్లు కొట్టింది. నిశ్శబ్ద బృందం ఒక్కసారి కూడా అరవలేదు, ఎందుకంటే ఉపన్యాసాలు వాళ్ల పరిధిలో లేవు. ఎనిమిదీ యాభై ఎనిమిదికి ఫిలిప్ మాస్టారు కర్ర స్టాండు మీద పెట్టేశాడు.

తొమ్మిదింటికి మెయిన్ స్విచ్ బృందం స్విచ్ కట్టేసింది. మా నలభై ఒక్క బృందాల్లో తన పని సరిగ్గా చేసిన బృందం అదొక్కటే. మైకు ఆగినా కామేశం గారు చీకట్లో ఇంకో రెండు వాక్యాలు చెప్పారు. నాలుగు వందల మందీ చప్పట్లు కొట్టారు. ఆ చీకట్లో నేను కుర్చీలు లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను. ఇంత సిగ్గుపడ్డ రోజు నా సర్వీసులో లేదు. ఆ ముసలివాడి పళ్ల మీద నిమిషాలు లెక్కగట్టి, అర్జీ రాసి, బృందం పెట్టించి, సన్మానం చేయించి, చివరికి ఆ ఉపన్యాసానికి వస్తువు అందించింది నేనే కదా. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదంటారు. మేం పెట్టే చేత్తోనే తిననివ్వలేదు.

అయినా అలవాటు ఎక్కడికి పోతుంది? ఆదివారం పొద్దున్నే కామేశం గారు ఫోను చేశారు. శ్రోతల బృందం అధ్యక్షురాలు శాలువా వాపసు ఇవ్వడం వల్ల పంపిణీ రిజిస్టరులో ఒక సంతకం తక్కువైందట. శాలువా పట్టుకెళ్లి ఆమెకు అప్పగించి సంతకం తీసుకురమ్మన్నారు. తీసుకుని బయల్దేరాను.

ఎల్లాజీ ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపలి నుంచి క్లారినెట్ వినిపిస్తోంది. నేను గుమ్మం ముందు ఆగాను. పెళ్లి బ్యాండు పాట కాదు. మేం గోడౌన్ పక్క నుంచి వెళ్తుంటే వినబడే సాధన కూడా కాదు. నిదానంగా ఎక్కడికో వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి, వచ్చిన చోట నిలబడకుండా ఇంకో వైపు తిరుగుతోంది. మధ్యలో ఒకటి రెండు చోట్ల గాలి జారింది. ఊగే పళ్లు కదా. జారిన చోట ఆగి, మళ్లీ అక్కడి నుంచే పట్టుకుంటున్నాడు. ఎంతసేపు నిలబడ్డానో గడియారం చూసుకోలేదు.

చివరికి తలుపు తట్టాను. తట్టకుండా ఉండాల్సింది. ఆదెమ్మ తలుపు ఓరగా తీసింది. లోపల ఎల్లాజీ స్టూలు మీద కూర్చుని ఊదుతున్నాడు, నన్ను చూడలేదు. అతని ఎదురుగా ఒక కుర్చీ ఉంది. అది మా కుర్చీ కాదు. నేను శాలువా, రిజిస్టరు ముందుకు చాపాను.

"సంతకం తరవాత ఎడతాను బాబూ. ఇప్పుడు ఇంటన్నాను," అని తలుపు వేసేసింది. లోపల గడియ పడింది.

నేను వీధిలో నిలబడ్డాను. పక్కింట్లో మిక్సీ తిరుగుతోంది, పాట సగం వినబడుతోంది, సగం వినబడటం లేదు. ఫోను మోగింది. కామేశం గారు.

సంతకం అయిందా అని అడిగారు. ఇంకా అవలేదన్నాను. ఎందుకవలేదన్నారు.

"లోపల కచేరీ జరుగుతోందండి," అన్నాను.

"కచేరీయా? మన బృందాల తరఫున అక్కడ ఎవరున్నారు?"

"ఎవరూ లేరండి," అన్నాను. "అందుకే జరుగుతోంది."